రెండు మీటలు

మకాబె టీ కప్పు పట్టుకుని కిటికీ వైపు నడిచింది.

టక్.

కిటికీ పక్కన కూర్చున్న ఇకుషిమ కంప్యూటర్ తెర ఖాళీ అయిపోయింది. మంచుకొండ బొమ్మ ఒక్కటే మిగిలింది.

మళ్లీనా! మకాబెకు ఒళ్లు మండింది.

విండోస్, డి. ఆ రెండు మీటలూ కలిపి నొక్కితే తెరిచి పెట్టుకున్నవన్నీ దాక్కుంటాయి. మళ్లీ నొక్కితే లేచి వస్తాయి. జపాన్‌లో నీగత ఊళ్లోని ఆ సెంబే అప్పడాల కంపెనీలో ఈ కిటుకు తెలియనివాళ్లు లేరు. పనివేళల్లో చెప్పులూ బట్టల బొమ్మలూ చూసేవాళ్లంతా దాన్ని నమ్ముకునే బతుకుతున్నారు.

కానీ యాభై ఎనిమిదేళ్ల ఇకుషిమకు దాచుకోవడానికి ఏముంది? ఆయనకు పనే లేదు. మూడేళ్ల కిందట, మకాబె ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే, సెక్షన్ చీఫ్ పదవి పీకేసి ఆయన్ని ఆ మూల కూర్చోబెట్టారు. ఏం తప్పు చేశాడో పైవాళ్లు బయటికి పొక్కనివ్వలేదు. కిటికీ పక్క కుర్చీకి మాత్రం అర్థం అందరికీ తెలుసు. నీ అంతట నువ్వే వెళ్లిపో అని.

"ఏం వెలగబెడుతున్నాడో ఆ ముసలాయన!" అంది మకాబె, తన సీట్లో కూలబడుతూ.

పక్క సీటు నిషివాకి గొంతు తగ్గించింది.

"నీకో మాట చెప్పనా? నేను వెళ్తే ఏదో టైపు చేసుకుంటూనే ఉంటాడు, తల కూడా ఎత్తడు. నువ్వు వెళ్తేనే దాస్తాడు."

"నేనేం చేశానే?"

"నీ ఫొటోలు పెట్టుకుని చూస్తున్నాడేమో!"

మకాబె టీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టేసింది.

"ఛీ! మొన్న లిఫ్టులో కూడా అడిగాడే... 'రాత్రిళ్లు బాగా నిద్ర పడుతోందా అమ్మా?' అని!"

"అయ్య బాబోయ్! ఇంకా ఊరుకున్నావా?"

మకాబె ఊరుకోలేదు. తిన్నగా ఇప్పటి చీఫ్ తొగాషి దగ్గరికి వెళ్లింది.

"ఆయన ఉన్నచోట నేను పనిచేయలేనండీ. ఆయనో నేనో తేల్చండి."

తొగాషి విసవిసా కిటికీ దగ్గరికి నడిచాడు. ఆఫీసంతా పని చేస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించింది.

"ఇకుషిమ గారూ, తెర మీద ఏముందో చూపించండి."

ఇకుషిమ తలెత్తాడు. తొగాషి వెనకాల మకాబె కనిపించింది.

టక్.

మంచుకొండ.

"మళ్లీ నొక్కండి."

"క్షమించండి. నొక్కలేను."

"ఏముందండీ అందులో? ఈ అమ్మాయి భయపడి చచ్చిపోతోంది!"

ఇకుషిమ మొహం పాలిపోయింది.

"భయపడుతోందా? నన్ను చూసా?"

"చూపించకపోతే ఉద్యోగం పోతుంది. రెండేళ్లు ఓపిక పడితే మర్యాదగా రిటైరవుతారు. ఆలోచించుకోండి."

ఆయన ఆలోచించలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసి, రెండు చేతులతో తొగాషికి అందించాడు. రాజీనామా.

తర్వాత మకాబె ముందుకు వచ్చి నడుం దాకా వంగాడు.

"మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టానమ్మా."

మకాబె మొహం తిప్పేసుకుంది.

ఆయన వెళ్లిపోయాడు. కంగారులో కంప్యూటర్ ఆపడం మరిచిపోయాడు.

"నొక్కు మకాబే, చూద్దాం వీడి బండారం," అన్నాడు తొగాషి.

మకాబె ఆ రెండు మీటలూ నొక్కింది.

దాక్కున్నవన్నీ ఒకదాని మీద ఒకటి లేచి వచ్చాయి. ఒక్క ఫొటో లేదు. అన్నీ ఉత్తరాలే. అన్నీ ఒకే తల్లి రాసినవి.

'మీ పొట్లం మీద రొయ్యల పొడి కలిసిందని రాసి ఉంటే నా కూతురు తినేది కాదు. ఊపిరాడక నాలుగు రోజులు ఆసుపత్రిలో కొట్టుకుంది. ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది. ఆ లేబుల్ రాసిన మనిషెవరో చెప్పండి. నలుగురిలో నిలబెట్టి కడిగి పారేస్తాను.'

కింద జవాబు.

'రాసింది నేనే. ఈ నెల కూడా మీ గుమ్మం ముందుకు వచ్చి క్షమాపణ అడుగుతాను. ఇకుషిమ.'

నెలకొకటి. ముప్పై ఆరు నెలలు.

తొగాషి నిట్టూర్చాడు. "ఓహో, ఇదా! పదవి పోయింది దీనికే. లేబుల్ తనే రాశానని, ఇంకెవరికీ సంబంధం లేదని, తనొక్కడి ముద్ర వేసిన కాగితం పైవాళ్లకిచ్చాడు. అంతా ఒప్పుకున్న మనిషి, దీన్ని నీ దగ్గర దాచడమేమిటి?"

మకాబె ఉత్తరాలను ఒక్కొక్కటే మూస్తూ పోయింది. అన్నిటికంటే అడుగున ఇంకో కాగితం తెరిచి ఉంది. ఆ లేబుల్‌కు మొట్టమొదటి చిత్తుప్రతి. రొయ్యల పొడి అన్న మాట దాన్లో లేదు.

చివర, సంతకాలకు బదులుగా వేసే పేరు ముద్రలు రెండున్నాయి. ఒకటి నిటారుగా, సరిచూసిన ఇకుషిమది. దాని పక్కన ఇంకొకటి, రాసినవాళ్లది, పెద్దాయన వైపు వంగి దణ్ణం పెడుతున్నట్టు కాస్త ఒరిగించి వేసింది. కొత్తగా చేరినవాళ్లు అలాగే వేయాలి, అది అక్కడి మర్యాద.

ఒరిగిన ఆ ఎర్రటి ముద్రలో మకాబె అని ఉంది.