వేలు ఎత్తొద్దు

"మాట పూర్తయ్యేదాకా వేలు ఎత్తొద్దు నాన్నా! అక్షరాల మీద జరుపుతూ పో. అమ్మకి ఏదైనా పంపి చూడు," అంది కూతురు, ఫోన్‌లో కొత్త కీబోర్డు వేసిచ్చి.

టైలరు నవ్వాడు. చంక నుంచి అంచుదాకా సుద్ద ఎత్తకుండా గీసే చెయ్యి అది. వేలు సర్రున జారింది, మాట పడింది.

"ఓసి దీని దుంపతెగ! సుద్దగీతే కదే!"

మాట మీద మాట. చేతికి పగ్గాల్లేవు. సగంలోనే 'పంపు' మీట నొక్కుకుపోయింది.

ఎదురుగా గుండీల కాజాలు కుడుతున్న భార్య ఫోన్ టింగుమంది. ఆవిడ పైకి చదివింది: "నీ కాజాలు చూసే జనం నా దగ్గరికొస్తున్నారు. నేను ఒట్టి..."

ముప్పై ఏళ్లలో ఆయన నోట రాని మాట. టైలరు నాలిక్కరుచుకుని ఫోన్ జేబులో దోపబోయాడు.

ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"వేలెందుకు ఎత్తారు? మాట ఇంకా పూర్తి కాలేదుగా!"