వెనక చక్రంలో గాలి

"ఈ రిమ్ముకి ఈ టైరు పట్టదు," అన్నాడు నాన్న, కొలబద్ద జేబులో పడేసుకుంటూ.

సైకిలు షాపు గుమ్మంలో రొట్టెలాయన నిలబడి ఉన్నాడు. బేకరీ నుంచి ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి. భుజాన రెండు కొత్త టైర్లు. వాటిలో ట్యూబు ఉండదు, గాలి ఉండదు. అంతా గట్టి రబ్బరు. మేకు దిగినా చెక్కు చెదరవు.

"ఎందుకు పట్టదు, బాబాయ్ గారూ?"

"బాబాయ్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నాతో ఆ వరస కలపకు."

"సరే, అనను. ఎందుకు పట్టదండీ?"

"రిమ్ము లోపలి వెడల్పు పదిహేడు మిల్లీమీటర్లు. నీ టైరు నలభై. సన్నపాటి పీట మీద లావుపాటి మనిషిని కూర్చోబెట్టినట్టు ఉంటుంది. మలుపు తిరిగావంటే టైరుది ఒక దారి, నీది ఒక దారి."

పక్కన ఇంకో చక్రానికి వంకర తీస్తున్న కూతురు తలెత్తింది. రొట్టెలాయన రిమ్ముకి స్పోకులు అల్లింది తనే. దాని వెడల్పు ఇరవై మూడు. నలభై టైరు దర్జాగా కూర్చుంటుంది. నాన్న కొలత తప్పడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కళ్లు మసకబారుతున్నాయేమోనని బెంగపడింది. అయినా నోరు మెదపలేదు.

మెదపకపోవడానికి ఆమె కారణం ఆమెకుంది.

రొట్టెలాయన వెనక చక్రంలో గాలి నిలవదు. వారం తిరక్కుండా మెత్తబడుతుంది. అతను తోసుకుంటూ వస్తాడు. ఆమె ట్యూబు ఊడదీసి నీళ్లలో ముంచుతుంది. ఒక్క బుడగ రాదు. మళ్లీ ఎక్కించి పంపు పట్టుకుంటుంది.

"గట్టిగా కొట్టండి, రాయిలా ఉండాలి," అంటాడతను.

"రాయిలా ఉంటే రొట్టెలు గంతులేస్తాయి. మెత్తగా ఉంటే గతుకులో రిమ్ము సొట్టపోతుంది. టైరు లావు, మీ బరువు, బుట్ట బరువు, మూడూ చూసుకోవాలి. ముందు చక్రానికి నలభై ఐదు పౌండ్ల గాలి, వెనక యాభై ఐదు. చాలు."

ప్రతిసారీ ఇదే చెబుతుంది. ప్రతిసారీ అతను అప్పుడే వింటున్నట్టు తలూపుతాడు.

మాట అక్కడిదాకా వచ్చేసరికి నాన్న దిగుతాడు. "లే, లే. వాల్వు నేను బిగిస్తా. నువ్వు అవతలి బండి చూడు."

వేరే సైకిళ్ల దగ్గర ఆయనకి ఈ పట్టింపు లేదు. తనని అతని పక్కనుంచి లేపడానికే ఈ వేషమని ఆమెకు తెలుసు.

గాలి తీస్తున్నదెవరో కూడా తెలుసు. అతనే. ఇక్కడికి రావడానికి మనిషికి ఏదో ఒక వంక కావాలి కదా. అది తలుచుకుని, రాట్నంలా తిరిగే చక్రం వెనక ఎన్నిసార్లు నవ్వు దాచుకుందో.

దాచుకోవడమే. అంతకు మించి ముందుకు పోనివ్వలేదు. అమ్మ పోయాక తండ్రీ కూతురూ ఇద్దరే మిగిలారు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "నేను వెళ్లిపోతే నీకు టీ ఎవరు పెడతారు నాన్నా? పొయ్యి వెలిగించడం కూడా రాదు నీకు," అనేది.

ఇవాళ ఆ దాచుకున్న నవ్వు కూడా పోయింది. వంక కోసం గాలి తీసేవాడు గాలే లేని టైర్లు ఎందుకు తెస్తాడు?

"మా యజమాని కొనిచ్చాడండీ," అన్నాడు రొట్టెలాయన తల దించుకుని. "గాలి పోయిందని ఇంకోసారి ఆలస్యంగా వస్తే, ఇక రానే వద్దన్నాడు."

నాన్న ఏదో అనబోయి దగ్గాడు.

పట్టదంటే అతని పని పోతుంది. పడుతుందంటే అతను మళ్లీ ఈ గుమ్మం తొక్కడు. ఆమె చేతులు తుడుచుకుని లేచింది.

"పడుతుంది నాన్నా. అది ఇరవై మూడు."

నాన్న కూతురి వైపు అదోలా చూశాడు. "అయితే ఎక్కించు," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె పాత టైరు ఊడదీసింది. అతను పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"పదిహేడే అని ఊరుకోవాల్సింది మీరు."

"మీ పని పోతుందిగా."

"పోతే ఇంకోటి చూసుకునేవాణ్ణి. ఇక్కడికి రావడమైనా ఉండేది."

ఆమె చెయ్యి ఆగింది. "అంత రావాలనుంటే ఇవెందుకు మోసుకొచ్చారు? మీ గాలి మీరు తీసుకుంటూ ఉండాల్సింది."

"నా గాలి నేనెందుకు తీసుకుంటాను? మీరు తీస్తున్నారనుకున్నా! అందుకే అంత దూరం తోసుకొచ్చినా సంబరంగా ఉండేది."

"నేనా!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు అతను నవ్వాడు. ఆమె ఆపుకోలేకపోయింది.

"గాలి ఉన్నప్పుడు కూడా రావచ్చా?" అనడిగాడు మెల్లగా.

"నాన్న..." అని ఆగిపోయింది. లోపల గిన్నె దొర్లిన చప్పుడు.

నాన్న బయటికొచ్చాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో మూడు గ్లాసులు. సగం టీ పళ్లెంలోనే ఉంది. బొటనవేలు కాలి ఎర్రగా కందింది.

"తాగండి. రెండుసార్లు పొంగిపోయింది, మూడోసారి కుదిరింది," అన్నాడు. కొత్త టైర్లని కాలితో అవతలికి నెట్టాడు. "ఇవి వద్దు. వీటి మీద రొట్టెలు పొడి పొడి అవుతాయి, స్పోకులు పటపటా తెగుతాయి. ఈ రిమ్ముకి గాలి టైరే వరస. పాతదే ఎక్కించు తల్లీ."

"మళ్లీ గాలి పోతే, బాబా..." రొట్టెలాయన నాలుక కరుచుకున్నాడు. గుటక మింగి, "నా పని కూడా పోతుంది, మావయ్యగారూ," అన్నాడు.

ఆ పిలుపుకి నాన్న మీసం కదిలింది. గ్లాసు ఊదుకుంటూ అన్నాడు.

"గాలి పోదులే. ఈసారి వాల్వు బిగించేది అమ్మాయి."