శరీరం వయసు

“అరవై ఎనిమిదా? సరిగ్గా చూసి చెప్పండి డాక్టరు గారూ. మా ఆయనకి వచ్చే నెలకి గానీ అరవై నిండవు.”

ల్యాబు కవరు చింపి, అందులోని కాగితాలు ఫోటో తీసి పంపి అయిదు నిమిషాలు కాలేదు, డాక్టరే ఫోన్ చేశాడు. మేనేజరు గారి భార్య ఒకచోట నిలబడలేక హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉంది.

“అది పుట్టినతేదీ లెక్క కాదమ్మా, శరీరం వయసు. షుగరు హద్దు దాటింది. కిడ్నీలు సగానికి పడిపోయాయి. వేళకి తిండీ విశ్రాంతీ లేనివాళ్లకి మామూలుగా ఇలా వస్తుంది. ఆయనకెందుకు వచ్చిందో నాకే అర్థం కావడం లేదు.”

ఆమెకు చర్రున కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా తను గడియారం చూసి వడ్డిస్తుంటే, ఆయనకి తిండి లేదంటాడేమిటి?

“ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి.”

“ఎండలో తిరగకూడదు. బరువులెత్తకూడదు. మెట్లెక్కకూడదు. చీటీ పంపుతున్నాను, మందులు ఇవాళే మొదలుపెట్టండి. నిర్లక్ష్యం చేస్తే ఏడాది తిరగదు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. సూది పేరెత్తితే పారిపోయే మనిషి మొన్న కిక్కురుమనకుండా ల్యాబుకి వెళ్లొచ్చాడని ఎంత మురిసిపోయింది! రిపోర్టు బాగుంటే కంపెనీ ఇంకో రెండేళ్లు ఉద్యోగం పొడిగిస్తుందని ఆయన ఆశ. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, మనిషి దక్కితే చాలు.

కవరు తెచ్చిన డ్రైవరు ఇంకా గుమ్మంలోనే నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఆ భవనంలో లిఫ్టు ఇళ్లవాళ్లకే. పనివాళ్లు అయిదంతస్తులూ ఎక్కి రావలసిందే.

“సారుకి ఒంట్లో బాగాలేదయ్యా. రేపటినుంచి ఆయన పనులన్నీ నువ్వే చూడాలి. పొద్దున్నే కుక్కని తిప్పు. ఫైళ్ల పెట్టె, నీళ్ల డబ్బాలు నువ్వే మొయ్యి. నీకేం, ముప్పై నాలుగేళ్లవాడివి.”

“అలాగేనమ్మా. ఎన్నింటికి రమ్మంటారు?”

“అయిదుకి.”

“రాత్రిపూట టాక్సీ నడుపుతున్నాను కదమ్మా, దిగేసరికే నాలుగవుతుంది.”

“మరీ మంచిది. పడుకుని మళ్లీ లేచే బాధ లేదు. అటునుంచటే వచ్చెయ్.”

అతను తలూపాడు. కాదనడం అతనికి చేతకాదు. సారు ఏం చెప్పినా ఎందుకని అడగడు. అందుకే ఇంటిల్లిపాదికీ అతనంటే ఇష్టం.

“మందుల చీటీ నీ ఫోనుకి పంపుతాను. షాపు నాలుగు వీధుల అవతలే. కారు తీస్తే ట్రాఫిక్కులో ఇరుక్కుంటావు, పరుగున వెళ్లి రా.”

బయట ఎండ మండిపోతోంది. డ్రైవరు చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోతుండగా స్నానాల గది తలుపు తెరుచుకుంది. మేనేజరు కూనిరాగం తీస్తూ, తల తుడుచుకుంటూ వచ్చాడు. నున్నటి బుగ్గలు, నిటారు నడుము. పైకి ఇంత కళగా ఉన్న మనిషి లోపల ఇలా అయిపోయాడా అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

“కూర్చోండి. కదలకండి.”

“రిపోర్టు వచ్చిందా? కడిగిన ముత్యంలా ఉంటుందని చెప్పానా లేదా?”

ఆమె కాగితాలు అందించింది. ఆయన చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“డాక్టరేమన్నాడు?”

“మెట్లెక్కకూడదన్నాడు, ఎండలోకి వెళ్లకూడదన్నాడు. ఇంకా ఏదేదో అన్నాడు, నా నోటితో చెప్పలేను. మీరేం బెంగపెట్టుకోకండి. పనులన్నీ డ్రైవరుకి అప్పజెప్పాను. మందులకీ వాణ్నే పరిగెత్తించాను.”

ఆయన తటాలున లేచి బాల్కనీలోకి వెళ్లాడు. కింద వీధిలోకి వంగి వెతుకుతున్నాడు. ఆమె కంగారుగా వెనకే వెళ్లి చెయ్యి పట్టుకుంది.

“ఎండ తగులుతుంది, లోపలికి రండి. మీకేమైనా అయితే నేనేం కావాలి?”

“నాకేం కాదే,” అన్నాడాయన. “ఆ రక్తం డ్రైవరుది.”