చివరి వరుస

చివరి వరుసలోంచి మరో ముప్పై కోడిపిల్లలను చేటలోకి ఎత్తింది మల్లిక. అన్నీ చచ్చినవే.

కట్టంగూర్ దాటాక రోడ్డు పక్కనే వాళ్ళ షెడ్డు. ఐదు వేల పిల్లలు. వచ్చి నాలుగు రోజులైంది. డిసెంబరు చలి.

బాయిలర్‌లో కాగిన నీళ్ళను మోటారు తోస్తే, అవి ఒక్కోదానికి ఒక్కో వాల్వు ఉన్న ఆరు వరుసల పైపుల్లో తిరిగి షెడ్డును వెచ్చగా ఉంచాలి. మొదటి వరుసల దగ్గర పిల్లలు ఉడికిపోయి నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. చివర మాత్రం చలికి ఒకదాని మీద ఒకటి పడి, ఊపిరాడక పోతున్నాయి.

ఈసారి కూడా పిల్లలు పోతే, పెంచమని ఇచ్చిన కంపెనీ వాళ్ళు మళ్ళీ ఇవ్వరు. షెడ్డు మూసుకోవడమే.

"మోటరు చిన్నది. పెద్దది పెట్టాలె," అన్నాడు ఆమె భర్త విజేందర్. ఆయన ఒకటి అనుకున్నాడంటే ఇక అంతే. పాత పైపులు అమ్మిన రామన్నపేట కృష్ణయ్యకు నిన్ననే ఫోన్ చేశాడు. సాయంత్రానికి మోటారు వస్తుంది.

తొమ్మిదింటికి గేటు దగ్గర ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. భుజాన తువ్వాల, చేతిలో చిన్న సంచి.

"షెడ్డు జర చూసిపోత బిడ్డా."

"కొత్తోళ్ళను రానియ్యం. రోగాలొస్తయ్," అన్నాడు విజేందర్.

ఆయన ఏమీ అనుకోలేదు. చెప్పులు బయటే విడిచి, గుమ్మం ముందున్న సున్నపు నీళ్ళ తొట్టిలో పాదాలు ముంచి ఆగాడు. వచ్చిన ప్రతివాడికీ కాళ్ళు ముంచమని చెప్పలేక మల్లికకు నోరు నొప్పి పుట్టేది. ఈయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె పక్కకు జరిగింది.

మొదటి వరుస నుంచి చివరి దాకా పైపులు పట్టి చూసుకుంటూ నడిచాడాయన.

"మోటరు సరిపోతది. వాల్వులన్నీ పూర తెరిచి పెట్టిన్రు. ముందరియి మూయాలె."

"చచ్చేది చివర, మూసేది ముందరనా? మంచిగనే చెప్పినవ్," విజేందర్ నవ్వాడు.

"కాలువకు ముందర తూములన్నీ పూర తెరిస్తే చివరి మడికి నీళ్ళొస్తయా కొడుకా? ఎంత పెద్ద మోటరు పెట్టినా గంతే."

"నీకెన్ని షెడ్లున్నయి?"

"ఒక్కటి గూడ లేదు."

"మరింకేంది. నీ తోవన నువ్వు పో."

ఆయన మల్లిక వైపు తిరిగాడు. "మొదటి వాల్వు ముప్పావు మూయి బిడ్డా. రెండోది, మూడోది సగం. నాలుగోది జరంత. చివరి రెండు ముట్టకు. గంటాగి నీళ్ళు బాయిలర్‌కు మళ్ళొచ్చే పైపులు పట్టి చూడు. ఆరూ ఒక్క తీరు వెచ్చగుండాలె. ఏది ఎక్కువ కాలితే దాన్ని ఇంకింత మూయి."

మంచినీళ్ళు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు.

విజేందర్ మేత బస్తాల కోసం బయటికి పోగానే మల్లిక వాల్వులు తిప్పింది. ఉన్నవి కూడా పోతే భర్తకు ఏం జవాబు చెప్పాలో ఆమెకు తెలియదు.

గంటకు చివరి పైపు వెచ్చబడింది. ఇంకో గంటకు గుంపు విడిపోయింది. పిల్లలు ఒక్కొక్కటే నడిచి మేత దగ్గరికి వెళ్ళాయి.

విజేందర్ తిరిగొచ్చి చూశాడు. చివరి పైపు మీద చెయ్యి పెట్టాడు.

"ఆయన పేరన్న అడిగినవా?"

"నువ్వడగనిచ్చినవా?"

విజేందర్ బండేసుకుని బస్టాండు దాకా వెళ్ళొచ్చాడు. ఆయన లేడు. ఆ మనిషి కాళ్ళకు మొక్కాలనిపించింది మల్లికకు. ఒక్క చాయ్ కూడా పోయలేదే అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మోటారు వద్దని చెప్పడానికి విజేందర్ కృష్ణయ్యకు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

కృష్ణయ్య ఆ పెద్దాయన ఎట్లా ఉంటాడో అడిగి తెలుసుకున్నాడు.

"గాయన దేవరకొండ ఎల్లస్వామి. నువ్వు పెద్ద మోటరు అడిగినవని నిన్న మాటల మాటల ఆయనకు చెప్పిన. పొద్దుగాల మొదటి బస్సుకే బయలెల్లినట్టున్నడు."

"మాతోని ఆయనకేం పనన్నా?"

"పోయిన చలికాలం ఆయన గూడ గట్లనే పెద్ద మోటరు పెట్టిండు తమ్మీ, పిల్లలన్నీ సచ్చినంక షెడ్డు మూసి, ఇప్పుడు మీ తాన ఉన్న పైపులు విప్పి నాకిచ్చింది ఆయనే."