క్లోజప్ గిట్టని మనిషి

ఎనిమిది అంతస్తుల ఆ ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే పెద్దాయనకి 'రివ్యూ బాబాయ్' అని పేరు. కింద నుంచి పైకి వెళ్లేలోపు ఒక సినిమాని ఉతికి ఆరేసేవాడు. నాలుగో అంతస్తుకి ఇంటర్వెల్, ఎనిమిదో అంతస్తుకి శుభం.

మొన్నొచ్చిన యుద్ధం సినిమా ఆయనకి నచ్చలేదు. మూడు గంటల్లో ఒక్క ఇల్లు కూడా చూపించలేదట. జనం ఎగబడి చూస్తున్న హత్యల సిరీస్ మీదా పెదవి విరిచాడు. ఎనిమిది భాగాలూ కార్లలోనే గడిచిపోయాయి, ఆ మనుషులు అన్నం ఎక్కడ తింటారో, ఎక్కడ పడుకుంటారో తెలియలేదన్నాడు. వచ్చే నెల రాబోతున్న ఇంకో సినిమా ట్రైలర్‌లో మాత్రం ఉమ్మడి కుటుంబం కనిపించింది. దానికి చూడకుండానే పాస్ మార్కులు వేసేశాడు.

అన్నిటికన్నా ఆయనకి గిట్టనిది క్లోజప్.

"కెమెరా తీసుకెళ్లి మొహం మీద పెట్టేస్తే వెనకాల ఏముందో మనకెలా తెలుస్తుంది?" అనేవాడు.

ఆ మాటకి అందరూ నవ్వేవారు. ఆ నవ్వు కూడా తలుపు వైపు చూస్తూనే నవ్వేవారు. లిఫ్టు ఎక్కినవాళ్లు తలుపు మీద వెలిగే అంకెల్ని తప్ప ఇంకేమీ చూడరు. పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి వాళ్లకి ఒక గొంతు, ఒక ఖాకీ టోపీ. అంతే.

భార్య పోయి పదకొండేళ్లయింది. పిల్లలు లేరు. ఆయన ఉండే గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కుర్చీకి ఎదురుగా టీవీ. సాయంత్రం ఏడున్నరకి ఒక సీరియల్ వస్తుంది. ఒక అత్తగారు, ముగ్గురు కోడళ్లు, పెద్ద హాలు. మూడేళ్లుగా ఆయన దాన్ని ఒక్కరోజు కూడా మానలేదు. ఆ సీరియల్ తీసేవాళ్ల ఆఫీసు మొదట్లో రెండు నెలలు ఆరో అంతస్తులోనే ఉండేది. ఒకసారి ఆయన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ అభిమానం అలా ఉండిపోయింది.

భవనం మొత్తంలో ఆ సీరియల్ చూసే మనిషి ఇంకొక్కరే ఉన్నారు. నాలుగో అంతస్తు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే ఆవిడ. ఒక సోమవారం పొద్దున ఆవిడే వార్త మోసుకొచ్చింది.

"విన్నారా బాబాయ్ గారూ? వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేసేస్తున్నారట. ఇక నుంచి కథంతా కొత్త ఇంట్లోనట."

ఆయన స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"మరి సామాను? అంతా పట్టుకెళ్తారా?"

"ఏమో. మీ సొంత సామానులా అడుగుతారేంటి?" అని నవ్వుతూ ఆవిడ దిగిపోయింది.

రెండు రోజులు లిఫ్టులో సమీక్షలు లేవు. కొత్త దయ్యం సినిమా ఎలా ఉందని ఐదో అంతస్తు వాళ్లు కదిలిస్తే, చూడలేదన్నాడు. నిజానికి ఆయనకి భయంగా ఉంది. ఆ హాలు పోతే సాయంత్రం ఏడున్నరకి తనకంటూ ఒక ఇల్లు ఉండదు. ఈ మాట ఎవరితోనైనా అంటే పిచ్చివాడనుకుంటారు.

బుధవారం సీరియల్‌లో లారీ వచ్చింది. ఆయన కుర్చీని టీవీకి బాగా దగ్గరగా లాక్కున్నాడు. పెద్దకోడలు గిన్నెలు సర్దింది. రెండో కోడలు గోడ గడియారం తీసుకుంది. సోఫా ఎక్కించారు. ఆ తర్వాత కెమెరా అత్తగారి కన్నీళ్ల మీద నుంచి కదల్లేదు.

"వెనకాల చూపించండయ్యా," అని ఆయన టీవీని బతిమాలుకున్నాడు. లారీ బయల్దేరింది. మిగతాది రేపన్నారు.

ఆ రేపు సాయంత్రమే లిఫ్టు మొరాయించింది. బాగుచేసే మనిషి వచ్చి వెళ్లేసరికి ఎనిమిదిన్నరయింది. ఇంటికెళ్లి టీవీ పెడితే అందులో వంటల పోటీ వస్తోంది.

శుక్రవారం పొద్దున ఇన్సూరెన్స్ ఆవిడ లిఫ్టు ఎక్కింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్నటిది చూశారా బాబాయ్ గారూ?"

"కుదర్లేదమ్మా. ఏమైంది?"

మూడో అంతస్తు దాటగానే ఆయన ఆపే బటన్ నొక్కిపట్టాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆ పని చేయడం అదే మొదటిసారి. లిఫ్టు మళ్లీ మొరాయించిందనుకుని ఆవిడ అంకెల వైపు చూస్తూనే చెప్పుకుపోయింది.

"అన్నీ సర్దుకున్నారు గానీ గోడ మీద మావగారి ఫొటో మర్చిపోయారండీ. సగం దారిలో చిన్నకోడలికి గుర్తొచ్చింది. లారీ ఆపించి, వెనక్కి పరిగెత్తుకొచ్చి, దాన్ని దించి గుండెకి హత్తుకుంది. 'మీరు లేని ఇల్లు మాకెందుకు మావయ్యగారూ' అని ఒకటే ఏడుపు. పోయిన మనిషిని అంతగా తలుచుకునేవాళ్లు ఉంటారా, మీరే చెప్పండి."

ఆయన రెండో చేత్తో టోపీ సర్దుకున్నాడు.

"క్లోజప్ వేశారా అమ్మా?"

"చిన్నకోడలికా?"

"ఫొటోకి."

"వేశారండీ. టీవీ నిండా ఆ మొహమే. ఎవరో గానీ, మనింట్లో మనిషిలాగే ఉంటాడు."

ఆయన బటన్ మీద నుంచి వేలు తీశాడు. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరగకుండా దిగి వెళ్లిపోయింది.

మూడేళ్ల కిందట ఆరో అంతస్తు వాళ్లు టీ ఇచ్చి, ఎవరిదో కోటు తొడిగి, ఆ మావగారి ఫొటో తీసింది ఈయన్నే కూర్చోబెట్టి.