ఆఖరాయన

ఈల మోగి ఇరవై సెకన్లయినా ఆయన ఇంకా చెక్కపీట దిగలేదు.

తర్వాత పీట ఎక్కాల్సిన టైలరు ఆగిపోయాడు. టైలరు వెనక టీచరమ్మ, టీచరమ్మ వెనక బస్సు డ్రైవరు. చూస్తుండగానే హాలంతా టిక్కెట్ల క్యూలా తయారైంది.

"బాబాయ్ గారూ, కదలండి!" అని కేకేశాడు కుర్ర కోచ్.

"వస్తున్నా మాస్టారూ. కాస్త ఊపిరి తీసుకోనివ్వండి," అన్నాడాయన నడుం పట్టుకుని.

అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ తామూ ఊపిరి తీసుకున్నారు.

కోచ్‌కి మాత్రం ఒళ్లు మండింది. మరి మండదూ? రెండు రోజులు కూర్చుని గీసుకున్న చార్టు అది. హాలు చుట్టూ ఎనిమిది చోట్లు, ఎనిమిది రకాల కసరత్తులు. ఒక్కో చోట నలభై సెకన్లు, పక్క చోటికి మారడానికి ఇరవై. చోటుకి ఇద్దరు చొప్పున పదహారు మందీ గడియారం ముల్లులా తిరగాలి.

ఆ ముల్లుకి ఈయన అడ్డం.

ఆయన పేరు ఎవరూ అడగలేదు. అన్నిట్లోనూ ఆఖరు కాబట్టి ఆఖరాయన అనేవారు. తాడాటలో తాడు మెడకి చుట్టుకునేవాడు. బరువు బంతి విసరమంటే కాళ్ల దగ్గరే పడేసుకునేవాడు. ఎలా పడేసుకునేవాడో గానీ ఒక్కరోజూ దెబ్బ తగల్లేదు.

కోచ్‌కి ఇది మొదటి ఉద్యోగం. చేరిన రోజే మేనేజరమ్మ తేల్చి చెప్పింది.

"నెలాఖరుకి పన్నెండు మందికి తగ్గారో, హాలు డాన్సు క్లాసుకి ఇచ్చేస్తాను. నువ్వు ఇంకోచోటు చూసుకోవాలి."

అందుకే ఆ పూట క్లాసయ్యాక ఆయన్ని పక్కకి పిలిచాడు.

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. మీ వల్ల అందరి బండీ ఆగిపోతోంది. సాయంత్రం పెద్దవాళ్ల నడక బ్యాచ్ ఉంది, అందులో చేరండి."

"అంతేనంటారా?"

"అంతేనండి."

"సరే మాస్టారూ." ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, గోడ మీది చార్టు వైపు చూశాడు. "గోడకుర్చీ పక్కనే చెక్కపీట పెట్టారు. రెండూ తొడలకే పని. మధ్యలో బంతి పెట్టి చూడండి."

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది అనుకున్నాడు కోచ్.

మర్నాడు పదిహేను మందీ ఈలకి ఈల తిరిగారు. ఎక్కడా బండి ఆగలేదు. కోచ్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఆ రోజు ఆఖరున మిగిలింది టైలరు. అందరూ ఊరికే అతనివైపు చూశారు.

తర్వాతి రోజు టైలరు రాలేదు. "కుట్టుపని నెత్తి మీద ఉంది మాస్టారూ," అని ఫోన్ చేశాడు.

ఆ రోజు టీచరమ్మ ఆఖరు. మర్నాటి నుంచి ఆవిడకి పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది.

ఆ తర్వాత బస్సు డ్రైవరు ఆఖరు. వెంటనే అతనికి డ్యూటీ మారింది.

ఆఖరి మనిషి మానేస్తే, ఆ ముందున్న మనిషి ఆఖరవుతాడు. ఈ లెక్క కోచ్ చార్టులో లేదు.

నెలాఖరు రెండు రోజుల్లోకి వచ్చేసరికి తొమ్మిది మంది మిగిలారు. కోచ్‌కి తిండి సయించడం మానేసింది. దారిలో టీచరమ్మ కనిపిస్తే సిగ్గు విడిచి అడిగేశాడు.

"నిజం చెప్పండి మేడమ్. నేను చెప్పడంలో లోపమా?"

ఆవిడ అటూ ఇటూ చూసింది.

"ఆ ఆఖరాయన ఉన్నన్నాళ్లూ నేను ఫరవాలేదు అనుకునేదాన్ని మాస్టారూ. ఆయన ఆగండి అంటే నాకూ ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆ మాట ఎవరంటారు? నేనంటే పరువు పోదూ?"

"ఆయన మళ్లీ వస్తే?"

"రేపే వస్తాను. టైలరూ వస్తాడు, డ్రైవరూ వస్తాడు. మేం ముగ్గురం అనుకున్నాం కూడా."

తొమ్మిదీ మూడూ పన్నెండు. కోచ్ ఆఫీసుకి పరుగెత్తి, ఆయన నింపిన కాగితంలోంచి చిరునామా రాసుకుని, మూడంతస్తుల మెట్లు ఒక్క ఊపున ఎక్కాడు. తలుపు తీసింది ఆయన భార్య.

"బాబాయ్ గారున్నారా పిన్నిగారూ? నేను కసరత్తు క్లాసు కోచ్‌ని."

"ఓహో, మీరేనా! చార్టు బాగా గీస్తాడు, ఈలే కాస్త తొందరగా ఊదుతాడు అని రోజూ మీ కబుర్లే. రండి, కూర్చోండి."

కోచ్ కూర్చోలేదు. "తప్పైపోయింది పిన్నిగారూ. రేపటి నుంచి ఆయన్ని మళ్లీ పంపండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అయ్యో, ఎలా బాబూ? రైలు పట్టాల అవతల ఎవరో అమ్మాయి కొత్తగా క్లాసు మొదలెట్టిందట. నిన్ననే వెళ్లి చేరిపోయారు. మాటిస్తే తప్పే మనిషి కాదు."

కోచ్‌కి అంత కష్టంలోనూ ఓ అనుమానం వచ్చింది.

"అక్కడా ఇవే కసరత్తులు కదండీ. పాపం, తాడు కూడా దూకలేరు, ఆయనకెందుకీ అవస్థ?"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"తాడు దూకలేకపోవడమేమిటి బాబూ, ముప్పై ఏళ్లు మీలాంటి కోచ్‌లకి పాఠాలు చెప్పిన మాస్టరాయన, రిటైరైన దగ్గర్నుంచీ, కొత్తగా క్లాసు పెట్టిన పిల్లలు నిలదొక్కుకునేదాకా, ఇంకెవరూ ఆఖరు కాకుండా తనే వెళ్లి ఆఖరున నిలబడి వస్తుంటారు."