పేజీ నిండా సున్నాలు

“ఒక్క మాటకి ఇన్ని మాటలేంటమ్మా? ‘టేక్’ అంటే తీసుకోవడం. అంతేగా!” అనువాదాల ఆఫీసు యజమాని పరీక్ష కాగితం మీద వేలు పెట్టి అడిగాడు.

“ఇంగ్లీషులో అన్నిటికీ టేకే సర్. జపాన్‌వాళ్ళు అయితే మాత్రని ‘తాగుతాం’ అంటారు. స్నానంలోకి ‘దిగుతాం’ అంటారు. బస్సు ‘ఎక్కుతారు’. ఆ మాటకొస్తే మనం మాత్రం బస్సుని తీసుకుంటామా?” అంది కొత్తమ్మాయి.

“మాత్ర తాగడమా! చోద్యం కాకపోతే!” పకపకా నవ్వాడాయన. ఆయనకి జపనీస్ ఒక్క ముక్క రాదు.

పక్క బల్ల దగ్గర ఆయన బామ్మర్ది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అన్ని వాక్యాల్లోనూ ‘తీసుకో’ అనే ఒకే జపనీస్ మాట దంచేసి, చిటికెలో పని కానిచ్చేశాడు. “ఇవన్నీ నాకు కొట్టిన పిండి బావా” అన్నాడు.

జపనీస్ విభాగంలో ఖాళీ ఒక్కటే. ఓడినవాళ్ళు ఇంటికే. ఈ ఉద్యోగం కూడా రాకపోతే కొత్తమ్మాయి చదివిన చదువంతా అటకెక్కించి, అక్క బట్టల కొట్లో చీరలు మడతపెట్టాల్సిందే. ఇద్దరి కాగితాలూ జపాన్‌లో ఒక రిటైరైన టీచరమ్మకి మెయిల్లో వెళ్ళాయి. “దిద్ది పంపండి చాలు, మిగతాది నేను చూసుకుంటా” అని రాశాడు యజమాని. అన్నీ తనకే తెలుసుననుకునే మనిషి మరి!

మర్నాడు దిద్దిన కాగితాలొచ్చాయి. బామ్మర్దికి వరసగా టిక్కులే. ‘ఫోటో తీసుకో’ దగ్గర మాత్రం ఒక సున్నా. కొత్తమ్మాయి కాగితం మీద పైనుంచి కిందిదాకా ఎర్రటి సున్నాలు. పాపం అనుకున్నాడు యజమాని. అయినా ఇంట్లో ఆవిడతో పోరు తప్పినందుకు ప్రాణం లేచొచ్చింది.

బామ్మర్దిని పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. “శభాష్‌రా! సీటు నీదే.”

అతను కాగితం చూసి తల దించుకున్నాడు. “అంతా మీ దయ బావా” అని గబగబా బయటికి వెళ్ళిపోయాడు. కుర్రాడికి ఎంత వినయమని ఆయన మురిసిపోయాడు.

తర్వాత కొత్తమ్మాయి వచ్చింది.

“ఏమీ అనుకోకమ్మా. నీకు కుదర్లేదు.”

ఆమె చెయ్యి చాచింది. “తప్పులెక్కడో చూపిస్తారా సర్? నేర్చుకుంటాను.”

“వద్దులేమ్మా, బాధపడతావు.”

“ఫర్వాలేదు సర్.”

ఇవ్వక తప్పలేదు. కాగితం చూస్తూ చూస్తూనే ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

“అయ్యో, ఏడవకమ్మా! ఆవిడ మరీ రాక్షసిలా ఉంది. అన్నిటికీ గుండుసున్నాలు చుట్టాలా?”

ఆమె కళ్ళు తుడుచుకుని కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. “జపాన్ టీచర్లు ఒప్పయినదానికే సున్నా చుడతారు సర్. టిక్కు పెట్టేది తప్పుకి.”